మైకక్క గొంతు రికార్డుకెక్కిన వైనం

ఆవిడకి మైకక్క అని పేరు పెట్టింది ఎవరో ఎవరికీ గుర్తులేదు గానీ, పెట్టినవాళ్ళు ఊరికే పెట్టలేదు. ఆసుపత్రి అడుగు అంతస్తులోని లాండ్రీలో మిషన్లన్నీ ఒక్కసారే హోరెత్తుతున్నా, "దుప్పట్లు పంపండర్రా!" అని ఆవిడ ఒక్క కేక వేస్తే పైన వార్డులో నర్సు ఉలిక్కిపడేది. ఇంట్లో మొగుడి చెవిలో రహస్యం చెబితే పక్కింటివాళ్ళు సలహా ఇచ్చేవారు. మొగుడు బస్సు డిపోలో మెకానిక్కు. "పొద్దుటినుంచీ ఇంజన్లతో వేగి ఇంటికొస్తే ఇక్కడ ఇంకో ఇంజను. దీనికి ఆపే మీటే లేదు" అని కనిపించినవాళ్ళందరి దగ్గరా వాపోయేవాడు. ఆ వాపోవడంలో సగానికి పైగా గొప్పలు చెప్పుకోవడమే.

ఆ గొంతుకి సరిపడా ఖాళీ ఉన్న చోటు ఒక్కటే, ఆదివారంనాటి చర్చి. అక్కడి గాయక బృందంలో ఆల్టో వరుస, అంటే ఆడవాళ్ళలో కింది స్థాయి పాడేవాళ్ళ వరుస, ఆవిడ సొంత ఇంటి గడప లెక్క. పెళ్ళి కాకముందు ఎక్కిన మెట్టు అది. కూతురు ఉద్యోగంలో చేరినా దిగలేదు.

ఆ వరుసకి ఒక పద్ధతుంది. పాటలో ఊపిరి అందనంత పొడుగు స్వరం వస్తే, మైకక్క మిగతావాళ్ళ కంటే ముందే గుక్కెడు గాలి పీల్చేసేది. పీల్చినప్పుడు ఆవిడ కుడి భుజం వేలెడు పైకి లేచేది. భుజం లేచిందంటే వరుసంతా ఊపిరి తీసుకోవచ్చన్నమాట. వాళ్ళు తీసుకునేంతసేపూ స్వరాన్ని ఆవిడ ఒక్కతే మోసేది. తర్వాత వాళ్ళొచ్చి అందుకునేవాళ్ళు. దీన్ని ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ఏళ్ళ తరబడి పక్కపక్కన నిలబడితే మనుషులకి ఇలాంటివి వచ్చేస్తాయి. బృందాన్ని నడిపే మాస్టారు బడిలో పాటల పంతులు. ఆయనకీ ఈ సంగతి తెలుసు. ఎవరితోనూ గొడవ పెట్టుకోని మనిషి కాబట్టి ఊపిరితో కూడా గొడవ పెట్టుకోలేదు.

ఈ మధ్య ఆవిడ గొంతులో ఇసుక పడింది. మాట బాగానే వస్తోంది. పాట మాత్రం పైకి వెళ్ళేసరికి గరగరమంటోంది. గొంతు డాక్టరుగారి తెల్లకోటు ఇస్త్రీ చేసి ఇవ్వడానికి వెళ్ళినప్పుడు అడిగేసింది.

"మీ కోటు మడత నలగకుండా తెచ్చాను డాక్టరుగారూ. నా గొంతు మడత కూడా ఓసారి చూడండి."

ఆయన వరండాలోనే టార్చి వేసి చూశాడు. "లాండ్రీలో ఆవిరి, ఆ బ్లీచింగు వాసన... అవే తినేస్తున్నాయమ్మా. అక్కడ పని మానేయాలి."

"మానకపోతే?"

"మాట ఉంటుంది. పాట పోతుంది. ఇంకో ఏడాది ఆగుతుందేమో."

పని మానడమంటే ఏమిటో డాక్టరుగారికి తెలియదు పాపం. ఆయన దృష్టిలో అది రెండు పూటలా వేసుకునే మందులాంటిది. లాండ్రీలో గాలి బయటికి లాగే ఫ్యాను ఒకటి ఉంది. అది తిరగడం మానేసి చాలాకాలమైంది. ఆడవాళ్ళంతా కలిసి పైకి వెళ్ళి అడిగితే, పరిశీలనలో ఉందన్నారు. అప్పట్నుంచీ దాన్ని పరిశీలిస్తూనే ఉన్నారు. ఎంత పరిశీలించినా తిరగట్లేదు.

సరిగ్గా అప్పుడే ఆసుపత్రి ఛైర్మన్‌గారికి సంగీతం మీద ప్రేమ పుట్టుకొచ్చింది. నాలుగువందల ఏళ్ళనాటి చర్చి పాట ఒకటి, యూరపులో బరోక్ అనే సంగీతం మొదలైన రోజులది, ఎదురెదురుగా నిలబడి రెండు బృందాలు ఒకదానికొకటి జవాబు చెప్పుకుంటూ పాడేది, మన చర్చిలోనే రికార్డు చేసి సీడీగా తెస్తామని ప్రకటించాడు. ఒకవైపు నగరం నుంచి వచ్చే చదువుకున్న గాయకులు, ఇంకోవైపు స్థానిక శ్రామికులు. "మా ఆసుపత్రి శరీరాలకే కాదు, ఆత్మలకీ వైద్యం చేస్తుంది" అన్నాడు సభలో. లాండ్రీలో ఫ్యాను శరీరం కిందికొస్తుందో ఆత్మ కిందికొస్తుందో మాత్రం తేల్చి చెప్పలేదు.

మైకక్కకి ఇవన్నీ పట్టలేదు. ఆవిడకి అర్థమైంది ఒక్కటే. గొంతు పోయేలోపు దాన్ని ఒకచోట ఎక్కించి పెట్టుకోవచ్చు. తర్వాత పోతే పోనీ. ఆ రోజే లాండ్రీ అంతా చెప్పేసింది. మర్నాటికి వంటశాలకీ, మందుల కొట్టుకీ, గేటు దగ్గర వాచ్‌మన్‌కీ తెలిసింది.

"ఇప్పటిదాకా పక్కింటివాళ్ళకే బాధ. ఇంక లోకమంతా అనుభవించాలన్నమాట" అన్నాడు మొగుడు.

"లోకం కంటే ముందు నువ్వు కొంటావు. డబ్బులు తీసి పక్కన పెట్టు" అంది.

పాట చేయించడానికి వచ్చిన డైరెక్టరుగారు సన్నగా, తెల్లగా, ఇస్త్రీ చేసిన దిండు గలీబులా ఉండేవాడు. గట్టిగా మాట్లాడితే ఎక్కడ తనే పగిలిపోతాడో అన్నట్టు మాట్లాడేవాడు. మొదటిరోజు పాట అర్థం చెప్పాడు. గొంతులేనివాళ్ళ మొర దేవుడు ఆలకిస్తాడని దాని సారాంశం. చెబుతూ చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు. ఆల్టో వరుసలో మైకక్క పక్కన నిలబడే దర్జీ వదిన కూడా తుడుచుకుంది. ఆవిడకి ఎవరు కళ్ళు తుడుచుకున్నా ఆగదు.

తర్వాత పాడించాడు. పాడిస్తుంటే ఆయన మొహం అన్నంలో రాయి తగిలినట్టయింది.

"గొంతు తెల్లగా ఉండాలి. గాజులా. వణుకు ఉండకూడదు, బరువు ఉండకూడదు. ఆ రోజుల్లో ఈ పాటలు చిన్న కుర్రాళ్ళు పాడేవారు. ఆడవాళ్ళని చర్చిలో పాడనిచ్చేవారే కాదు. మనం ఆ స్వచ్ఛతకి దగ్గరగా వెళ్ళాలి."

"అయితే ఆ కుర్రాళ్ళనే పిలిపించండి బాబూ. పోయి నాలుగువందల ఏళ్ళేగా అయింది" అంది మైకక్క.

వరుసంతా కిసుక్కుమంది. మాస్టారు దగ్గుతో నవ్వు కప్పెట్టుకున్నాడు. డైరెక్టరుగారు కూడా నవ్వాడు. నవ్వి, విరామంలో ఆవిణ్ణి ఒక స్తంభం పక్కకి పిలిచాడు.

"అమ్మా, మీ గొంతులో చాలా... జీవితం ఉంది."

"ఉండాలిగా మరి. బతికే ఉన్నాను."

"అదే, ఈ పాటకి అంత జీవితం అక్కర్లేదు. మైకు చాలా సున్నితం. మీది ఒక్కటే విడిగా వినబడుతోంది. అందుకని రికార్డింగులో మీరు... పెదాలు మాత్రం కదపండి. చాలు."

అర్థం కావడానికి ఆవిడకి కాస్త టైము పట్టింది. "అంటే పాడొద్దంటారు. ఇంటికి పొమ్మని చెప్పడానికి ఇంత మెత్తగా ఎందుకు?"

"అయ్యో, ఇంటికెందుకు! మీరు లేకపోతే ఎలా? ఛైర్మన్‌గారు మరీ మరీ చెప్పారు. సీడీ అట్ట మీద మీ ఫొటోనే. ఆసుపత్రి లాండ్రీలో పనిచేసే తల్లి, నోరారా పాడుతూ..." డైరెక్టరుగారు గాల్లో చట్రం గీసి చూపించాడు. "అద్భుతంగా ఉంటుంది."

గొంతులేనివాళ్ళ మొర ఆలకించే దేవుడికి గొంతు ఉన్నవాళ్ళని ఏం చేయాలో తెలిసినట్టులేదు. ఆ పని ఛైర్మన్‌గారికి వదిలేశాడు.

మర్నాడు ఫొటోగ్రాఫరు వచ్చాడు. ఆవిణ్ణి లాండ్రీ యూనిఫారంలోనే కిటికీ వెలుగులో నిలబెట్టాడు. "నోరు ఇంకొంచెం పెద్దగా తెరవండమ్మా. ఆఁ, అలాగే. పూర్తిగా పాడేస్తున్నట్టు" అన్నాడు. ఆవిడ తెరిచింది. ఆ నోట్లోంచి రాబోయిన మాట ఫొటోలో పడదు కాబట్టి అతను బతికిపోయాడు.

ఇంట్లో చెబితే మొగుడు చేతిలో గ్లాసు పక్కన పెట్టేశాడు. ఈసారి హాస్యమాడలేదు.

"వెళ్ళకు. నువ్వు లేకుండా ఏడవమను వాళ్ళని."

"వెళ్ళకపోతే గొంతు ఎక్కదు."

"వెళ్ళినా ఎక్కనివ్వట్లేదుగా!"

"నెమ్మదిగా పాడతాను. ఎవడికి తెలుస్తుంది?"

మొగుడు పైకప్పు వంక చూశాడు. ఆవిడ నెమ్మదిగా పాడటం అనేది ఆయన కాపురంలో ఇంతవరకూ జరగని ముచ్చట.

రికార్డింగు మొదలైంది. ఛైర్మన్‌గారి కారు హారను వినబడకూడదని వీధి అటు చివర ఒకణ్ణి నిలబెట్టారు. పావురాల్ని తోలించారు. చర్చి లోపల ఎదురు బాల్కనీ మేడ మీద నగరం గాయకులు, ఇటు మేడ మీద మనవాళ్ళు, మధ్యలో చెట్లు మొలిచినట్టు మైకులు. కింద గదిలో సౌండు ఇంజనీరు చెవులకి డిప్పలు పెట్టుకుని కూర్చున్నాడు. మొదటి టేకులో మైకక్క నిజంగానే నెమ్మదిగా పాడింది, అంటే ఆవిడ లెక్కలో. స్పీకర్లోంచి ఇంజనీరు గొంతు వచ్చింది. "ఆల్టో వైపు ఏదో ఇసుక రాలుతోంది సార్."

డైరెక్టరుగారు పాట ఆపించాడు. ఆవిడ వంక జాలిగా చూశాడు. తిట్టి ఉంటే ఆవిడకి సుఖంగా ఉండేది. పదిమందిలో మాట పడని మనిషి, అందరూ చూస్తుండగా తల దించుకుని నోరు మూసుకుంది. తర్వాత టేకులో నిజంగా పెదాలే కదిపింది.

పాట సాఫీగా సాగింది. పొడుగు స్వరం వచ్చింది. మైకక్క పాడకపోయినా, ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ గాలి పీల్చింది. భుజం లేచింది. వరుసంతా హాయిగా ఊపిరి తీసుకుంది.

అందరూ ఒక్కసారే. మోసేవాళ్ళు ఒక్కరూ లేరు. నిండుగా పారుతున్న పాటలో ఆల్టో ఉండాల్సిన చోట నుయ్యంత గొయ్యి పడింది.

"ఆపండి, ఆపండి. ఇక్కడేం జరిగింది?" డైరెక్టరుగారు అయోమయంగా కాగితాలు తిరగేశాడు. ఏళ్ళ తరబడి అక్కడేం జరుగుతోందో మాస్టారు నీళ్ళు నములుతూ చెప్పాడు. డైరెక్టరుగారు చిరునవ్వు నవ్వాడు. "అదెంత పని! భుజం చూడకండి. ఎవరికి వీలైనప్పుడు వాళ్ళు తీసుకోండి. ఒకరి తర్వాత ఒకరు."

మా వాళ్ళకి మర్యాద ఎక్కువ. నువ్వు ముందంటే నువ్వు ముందని పక్కవాళ్ళ కోసం ఆగారు. ఆగి ఆగి, ఇంక ఆగలేక మళ్ళీ అందరూ ఒకేసారి తీసుకున్నారు. గొయ్యి అక్కడే ఉంది, కాకపోతే కొంచెం జరిగింది.

ఆయన ఇంకో ఉపాయం వేశాడు. మైకక్కని కిందికి దింపి కుర్చీలో కూర్చోబెట్టి, ఆవిడ చోట నగరం గాయకుల్లోంచి ఒకమ్మాయిని నిలబెట్టాడు. మంచి పిల్ల, మంచి గొంతు. కానీ చదువుకున్నవాళ్ళు పొట్టతో ఊపిరి తీసుకుంటారు, భుజం కదలదు. చూడొద్దని ఎంత చెప్పినా వరుసంతా ఆ భుజం వంకే గుడ్లప్పగించి చూసింది. అది లేవలేదు. లేవనప్పుడు ఎలా తీసుకుంటారు? మొహాలు ఎర్రబడ్డాయి. దర్జీ వదినకి కళ్ళు తిరిగి మెట్టు మీద కూలబడింది. ఆమెకి నీళ్ళు తాగిస్తుంటే అవతలి మేడ నుంచి కబురు వచ్చింది, ఆ అమ్మాయి లేకపోతే అక్కడా గొయ్యి పడుతోందని. ఆ పిల్ల వెనక్కి వెళ్ళిపోయింది.

సాయంత్రమయింది. మైకులు అద్దెవి, మర్నాడు వేరే ఊరు పోవాలి. డైరెక్టరుగారి చొక్కా కాలరు మొట్టమొదటిసారి నలిగింది. కింద కుర్చీ దగ్గరికి వచ్చి వంగాడు.

"అమ్మా, ఒక చిన్న సాయం. మీరు పైకి వెళ్ళి మామూలుగా నిలబడండి. పాటంతా పెదాలే. ఆ పొడుగు స్వరం దగ్గర మాత్రం, వాళ్ళు ఊపిరి తీసుకునేంతసేపు పాడండి. వాళ్ళు రాగానే ఆపేయండి."

"నేనేమన్నా బోరింగు పంపునా, మీరు కొట్టినప్పుడు మాత్రం కారడానికి?"

చర్చి అంతా వినబడింది. ఆవిడకి మైకు ఎప్పుడూ అవసరం లేదు.

"అది కాదమ్మా..."

"మొదట్నుంచి చివరిదాకా పాడతాను. లేదంటే ఇక్కడే కూర్చుంటాను. కుర్చీ బాగానే ఉంది."

"పాట పాడైపోతుందమ్మా. ఇంతమంది కష్టం..."

"ఆ ఇంతమందిలో నేను లేనా బాబూ? అట్ట మీద ఉన్నానుగా. లోపల ఎందుకు లేను?"

డైరెక్టరుగారు సాయం కోసం మాస్టారి వంక చూశాడు. గొడవ పెట్టుకోని మాస్టారు తన బూట్ల వంక చూసుకున్నాడు. బూట్లలో ఏం కనబడిందో గానీ, తలెత్తి, "ఆవిడ లేకుండా మా వరుసకి ఊపిరి రాదండీ. ఇవాళంతా చూశారుగా" అన్నాడు. అని, తనే భయపడి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

పైనుంచి దర్జీ వదిన అందుకుంది. "ఎక్కవే మైకక్కా, పైకి! నాకు మళ్ళీ కళ్ళు తిరిగేలా ఉన్నాయి. ఇప్పుడు పడితే ఎవరు లేపుతారో చెప్పమను ఆయన్ని." అంటూనే ఆల్టో వరుస మొత్తం ఒకరి వెంట ఒకరు మెట్ల మీద కూర్చుండిపోయింది. ఎవరూ నినాదాలు చేయలేదు. కూర్చున్నారంతే. కూర్చున్నవాళ్ళతో పాట పాడించే విద్య ఆయన చదువులో లేదు.

డైరెక్టరుగారు గడియారం చూసుకున్నాడు. కిటికీలో వెలుగు చూశాడు. "ఒక్క టేకు. పూర్తిగా పాడండి" అన్నాడు, పన్ను పీకించుకోవడానికి ఒప్పుకున్నవాడిలా.

మైకక్క మెట్లెక్కింది. వారమంతా బ్లీచింగు పీల్చిన గొంతు. ఇవాళ కుర్చీలో కూర్చుని కడుపు మండి ఎండిపోయిన గొంతు. ఏం మిగిలిందో ఆవిడకే తెలియదు.

పాట మొదలైంది. అటు గాజు, ఇటు మట్టి. అటు వాళ్ళు అడుగుతున్నారు, ఇటు వీళ్ళు చెబుతున్నారు. పొడుగు స్వరం వచ్చింది. మైకక్క ముందుగా పీల్చింది, భుజం లేచింది, వరుసంతా ఊపిరి తీసుకుంది. ఆ చోట ఆవిడ ఒక్కతే మిగిలింది. గొంతు కాసేపు నిలబడింది. తర్వాత నడిమికి చీలింది. పాత దుప్పటి చిరిగినట్టు ఒక పోగు తెగి, ఇంకో పోగు పట్టుకుని, ఆ పోగు మీదే స్వరం వేలాడింది. తెగలేదు. వరుస వచ్చి అందుకుంది. పాట చివరిదాకా వెళ్ళి ఆగింది.

స్పీకర్లో ఇంజనీరు అన్నాడు, "సార్, ఒకచోట గొంతు చీలింది. ఇంకోటి తీద్దామా?"

డైరెక్టరుగారు ఆవిడ వంక చూశాడు. ఆవిడ నోరు తెరిచింది. గాలి వచ్చింది, శబ్దం రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. దర్జీ వదిన ఆవిడ చేయి పట్టుకుని, "చాల్లేవే" అంది.

ఇంక ఇంకోటి లేదు. గొయ్యి ఉన్న టేకులు బోలెడు ఉన్నాయి, చీలిక ఉన్నది ఒక్కటే ఉంది. దాన్ని కోసి తీసేద్దామంటే ఆ క్షణంలో ఆల్టోలో ఇంకెవరూ లేరు. డైరెక్టరుగారు ఎడిటింగు గదిలో ఎన్ని తంటాలు పడ్డాడో మనకి తెలియదు.

సీడీ వచ్చింది. అట్ట మీద మైకక్క నోరారా పాడుతోంది. లోపల ఛైర్మన్‌గారి సందేశం, డైరెక్టరుగారి జీవిత విశేషాలు, నగరం గాయకుల పేర్లు వరసగా ఉన్నాయి. మన వైపు బృందానికి "స్థానికులు" అని ఒక్క ముక్క చాలింది. పత్రికలో ఒక పెద్దమనిషి రాశాడు, నడుమ ఒకచోట దర్శకుడు సాహసించి ప్రవేశపెట్టిన ఆ భగ్నస్వరం తనని కదిలించిందని. దర్శకుడి సాహసాన్ని మాస్టారు చదివి వినిపిస్తే, దర్జీ వదిన చాలాసేపు నవ్వి, ఎందుకో తర్వాత కళ్ళు తుడుచుకుంది.

మైకక్క గొంతు మాటకి తిరిగొచ్చింది. పాటకి రాలేదు. డాక్టరుగారు ఏడాది అన్నాడు గానీ గొంతు అంత టైము కూడా ఇవ్వలేదు. ఆదివారం ఇప్పటికీ అదే చోట నిలబడుతుంది. భుజం ఎత్తుతుంది. స్వరం మోయడం దర్జీ వదిన నేర్చుకుంటోంది. నేర్చుకుంటున్నంతసేపూ గొణుగుతూనే ఉంటుంది.

ఒకరోజు పని మధ్యలో లాండ్రీ ఆడవాళ్ళు పట్టుబట్టారు. "ఊరంతా విందంట. మాకెప్పుడు?" కూతురు ఫోన్లో ఎక్కించిచ్చిన పాటని మైకక్క పెట్టింది. మిషన్ల హోరులో ఏమీ వినబడలేదు. చెవి దగ్గర పెట్టుకున్నా వినబడలేదు. అందరికంటే చిన్నది, ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేసే అమ్మాయి, విసుక్కుంటూ వెళ్ళి ఒక మిషను ఆపింది. పక్కామె రెండోది ఆపింది. అలా వరసగా అన్నీ ఆగిపోయాయి. అడుగు అంతస్తులో అంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు. గోడల్లోంచి నీళ్ళ గొట్టాల చప్పుడు వినబడుతోంది.

పాట మొదలైంది. నిశ్శబ్దానికి భయపడి సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు. "ఏమైంది? కరెంటు పోయిందా? ఎవరు ఆపారు మిషన్లు?"

"ఉండండి సార్" అంది మైకక్క బొంగురుగా, ఫోను మీంచి కళ్ళు తీయకుండా. "ఇప్పుడు నేనొస్తాను."

అతను ఏదో అనబోయాడు. ఇంతలో మిగతా గొంతులన్నీ తప్పుకున్నాయి, ఆ ఒక్కటీ మిగిలింది. చీలి, వేలాడి, ఆగకుండా నిలబడింది. తర్వాత మిగతావి వచ్చి కలిశాయి. సూపర్‌వైజరు నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు.

పాట అయిపోయాక తేరుకుని, "సరే సరే, విన్నారుగా. ఇంక మిషన్లు వేయండి" అన్నాడు.

ఎవరూ కదల్లేదు. ఇస్త్రీ బల్ల దగ్గరి అమ్మాయి చెమట పట్టిన చేతులు యూనిఫారానికి తుడుచుకుని ఫోను అందుకుంది.

"ఇంకోసారి విని వేస్తాం సార్."